ఇంగ్లీషులో వాక్యాలు అతకాలంటే: ఇట్, వన్, దిస్ సంగతి

"నిన్న ఫోన్ కొన్నాను, ఇంటికి తెచ్చాను, అమ్మకి చూపించాను." తెలుగులో ఫోన్ అని ఒక్కసారి అంటే చాలు, మిగతాది వినేవాళ్లే అర్థం చేసుకుంటారు. ఇంగ్లీషు దగ్గర ఈ పప్పులు ఉడకవు. "ఐ బాట్ ఎ ఫోన్. ఐ షోడ్ టు మై మదర్" అంటే చూపించింది ఏమిటో లేదు, "ఐ షోడ్ ఇట్ టు మై మదర్" అనాలి. మనం రాసేటప్పుడు తరచూ ఎగిరిపోయేది ఈ బుల్లి 'ఇట్' ఏ.

అందుకని రాశాక ప్రతి క్రియ దగ్గరా ఆగి ఎవరు, దేన్ని, ఎవర్ని అని అడుగుతూ వెళ్లండి. జవాబు మీ బుర్రలో ఉండి కాగితం మీద లేకపోతే అక్కడ ఇట్, దెమ్, హిమ్, హర్ లాంటిదేదో పడాలి. లగేజ్, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్ ఎంతున్నా ఇట్ అనే అనాలి, దే అనకూడదు.

పెన్ను పోయిందనుకోండి. "ఐ ఫౌండ్ ఇట్" అంటే పోయిన పెన్నే దొరికింది, "ఐ బాట్ వన్" అంటే ఇంకోటి కొన్నారు. "ఐ బాట్ ఇట్" అని రాశారో, పారేసుకున్న పెన్నునే మళ్లీ డబ్బులు పెట్టి కొనుక్కున్నట్టు!

దిస్ అయితే ముందు వాక్యం మొత్తాన్నీ పట్టుకోగలదు, మన 'దీనివల్ల'లో 'దీని' లాగా. "ద ట్రెయిన్ వాజ్ త్రీ అవర్స్ లేట్. దిస్ స్పాయిల్డ్ అవర్ ప్లాన్." ఇక్కడ దిస్ అంటే రైలు కాదు, అది లేటవడం. ముందు వాక్యంలో రెండు మూడు విషయాలు ఉంటే మాత్రం దిస్‌ని ఒంటరిగా వదలకండి, పక్కన ఒక నామవాచకం పెట్టి "దిస్ డిలే" అనండి, టెన్షన్ ఉండదు.

అసలు చిక్కు 'హిజ్'తో. "రవి టోల్డ్ సురేష్ దట్ హిజ్ బైక్ వాజ్ స్టోలెన్." పోయింది ఎవరి బండి? తెలుగులో "తన బండి పోయిందని రవి సురేష్‌తో చెప్పాడు" అంటే రవిదేనని తేలిపోతుంది, ఇంగ్లీషులో ఆ 'తన' లాంటి మాట లేదు (ఈ ఒక్క విషయంలో మనదే పైచేయి). ఇలాంటి చోట హిజ్‌తో కుస్తీ పట్టకుండా "రవి టోల్డ్ సురేష్, 'మై బైక్ వాజ్ స్టోలెన్'" అని రవి నోటితోనే చెప్పించేయండి.