టీనేజీ పిల్లలకు పళ్లెం లెక్క నేర్పించడం ఎలా?

రెండేళ్ల కిందట మా ఫ్రిజ్ తలుపు మీద నేనో చార్టు అంటించాను. పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, విటమిన్లు అని నాలుగు గడులు గీసి, రంగు స్కెచ్‌పెన్నులతో రాసిన పట్టిక. తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడు వారం తిరక్కుండానే దాని మీద క్రికెట్ మ్యాచ్‌ల తేదీలు రాసుకున్నాడు. మా ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతున్న మా అక్క కూతురైతే అటువైపు చూడనే లేదు. వాళ్లనేం అనగలం? ఆ నాలుగు గడులూ ఎప్పుడో సైన్సు పుస్తకంలో చదివేసి, మార్కులు కూడా తెచ్చుకున్నారు. కంచంలోని వంకాయ కూరకీ ఆ పట్టికకీ చుట్టరికం ఏమిటో మాత్రం ఎవరూ చూపించలేదు.

చార్టు చింపేసి వేరే దారి పట్టాను. పొద్దున ట్యూషను, సాయంత్రం కోచింగు, మధ్యలో సిటీ బస్సు అంటూ తిరిగే విశాఖ పిల్లలతో నాకు పనికొచ్చిన వరస ఇది. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, వారానికి ఒకటి చాలు.

1. ముందు మూడు రోజులు రాయించండి, మీరు మాట్లాడకండి

ఓ చిన్న నోట్‌బుక్ ఇచ్చి, మూడు రోజుల పాటు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రాయమనండి. ఒకరోజు సెలవు రోజై ఉండాలి. టీ, చాక్లెట్, ఫ్రెండు బాక్సులోంచి లాక్కున్న ముక్కతో సహా రాయాలి. తిట్టనని ముందే మాటివ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. నాకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే. మావాడు ఒకే సాయంత్రం రెండు ప్లేట్ల పానీపూరీ, ఓ కూల్‌డ్రింకు అని రాస్తే పళ్లు బిగపట్టుకుని ఊరుకున్నాను.

అక్క కూతురి పుస్తకంలో మొదటి రోజు ఇలా ఉంది: పొద్దున టీ, నాలుగు బిస్కెట్లు. మధ్యాహ్నం బాక్సులో పెరుగన్నం, బంగాళాదుంప వేపుడు. సాయంత్రం నూడుల్స్. రాత్రి చారన్నం, అప్పడం. మిగతా రెండు రోజులూ దాదాపు ఇదే. మూడో రోజు రాత్రి తనే పేజీలు తిప్పుకుంటూ, "పిన్నీ, మూడు రోజుల్లో పప్పు ఒక్క పూటే తిన్నానేంటి? పండైతే ఒక్కటీ లేదు" అంది. అదే నేనంటే గొడవయ్యేది.

2. కంచాన్ని సగానికి గీయండి

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు కొత్త ఆహార సూచనలు ఇచ్చింది. అందులో చూపించిన పళ్లెంలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లే. మిగిలిన సగంలో బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు ఒక వంతు. పప్పులు, గుడ్డు, చేప, మాంసం, గింజలు, పాలు, పెరుగు రెండో వంతు.

ఇది నోటితో చెప్పకండి. రోజూ తినే స్టీలు కంచమే తెచ్చి, ఎప్పటిలాగే వడ్డించుకోమనండి. మావాడు వడ్డించుకుంటే నడిమధ్య గుట్టగా అన్నం, గుట్ట మీద గుంట చేసి సాంబారు, అంచున బొటనవేలంత బెండకాయ వేపుడు వచ్చాయి. ఆ వేపుడు ఒక చెంచాలోకి ఎత్తించాను, అన్నాన్ని గిన్నెలోకి దించాను. గిన్నె నిండింది, చెంచా సగమే నిండింది. వాడు నవ్వి, "ఇది బెండకాయ కూర కాదమ్మా, బెండకాయ వాసన" అన్నాడు.

అన్నం తగ్గించమనే మాట ఎత్తకండి. ఎదిగే వయసులో ఆకలి మామూలుగా ఉండదు, అన్నం మీద పోరాడితే గెలవలేం. ముందు కూర రెండు గరిటెలు వేసుకోవాలి, అన్నం ఆ తర్వాతే అని ఒక్క నియమం పెట్టండి. కంచంలో చోటు నిండిపోతే గుట్ట దానంతటదే కుంగుతుంది. ఇందులో మనకూ ఓ పని పడుతుంది: కూర ఎక్కువ వండాలి. నలుగురికి పావుకిలో బెండకాయలు వేపి, పిల్లలు కూర తినడం లేదంటే ఎలా?

3. మాంసకృత్తులు వాళ్ల చేతే కూడించండి

ఈ వయసు వాళ్లకు లెక్కలంటే ఇష్టం లేకపోయినా తమ ఒంటి లెక్కంటే ఆసక్తి ఉంటుంది. టీనేజీలో రోజుకు కిలో బరువుకి ఒక గ్రాముకు కాస్త తక్కువగా మాంసకృత్తులు కావాలి. యాభై కిలోల పిల్లాడికి సుమారు 45 గ్రాములు అనుకోండి. ఇప్పుడు కూడించమనండి. గుడ్డులో 6 గ్రాములు. గ్లాసు పాలలో, అంటే 200 మిల్లీలీటర్లలో మరో 6. గుప్పెడు వేరుశెనగ గుళ్లు 30 గ్రాములుంటే 7. కందిపప్పు 30 గ్రాములు వండితే 6 పైన. రోజు మొత్తం మీద తిన్న బియ్యం 200 గ్రాములైతే 15 దాకా వస్తాయి. అన్నంలోనూ మాంసకృత్తులు ఉంటాయని తెలిసి మావాడు తెల్లబోయాడు.

బియ్యంలో తక్కువగా ఉండే ఒక అమైనో ఆమ్లం పప్పులో పుష్కలం, పప్పులో కొరవడేది బియ్యంలో ఉంటుంది. ముద్దపప్పు అన్నం ఎందుకు మంచిదో ఈ ఒక్క మాటతో పిల్లలకు ఎక్కుతుంది. జిమ్‌కు వెళ్లే స్నేహితుడు చెప్పాడని పౌడరు డబ్బా అడిగితే ముందు ఈ కూడిక చేయించండి. చాలాసార్లు డబ్బా ఊసు అక్కడే ఆగిపోతుంది.

చేపలు తినే ఇల్లైతే మన ఊరికి ఇంకేం కావాలి! వంజరం, చందువా కొనాలనేం లేదు. కవ్వళ్లలో, కానాగంతల్లో మాంసకృత్తులతో పాటు గుండెకు మంచి చేసే ఒమేగా-3 కొవ్వులూ ఉంటాయి. ధర కూడా చాలా తక్కువ. నెత్తళ్లు ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియం కూడా అందుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మర పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో హార్బర్‌లో సరుకు తగ్గుతుంది, గుడ్లూ పప్పులతో నడిపించుకోవాలి. వేట ఎందుకు ఆపుతారో పిల్లలకు చెప్పండి. అది చేపలు గుడ్లు పెట్టే కాలం.

4. అమ్మాయిలతో ఐరన్ గురించి విడిగా మాట్లాడండి

దీనికి కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. క్లాసులో పదిమంది ఉంటే ఆరుగురన్నమాట. మెట్లెక్కితే ఆయాసం, చదువుతుంటే తలనొప్పి, ఎప్పుడు చూసినా నీరసం. వీటన్నిటినీ మనం బద్ధకం కింద, ఫోను కింద జమ కట్టేస్తుంటాం.

నెలసరిలో ప్రతి నెలా ఐరన్ పోతుంది, తిండితో ఆ లోటు పూడ్చుకోవాలి అని సూటిగా చెప్పండి. తోటకూర, మునగాకు, శెనగలు, నువ్వులు, తినేవాళ్లయితే మాంసం, కాలేయం. ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టడం కొంచెం కష్టం. నిమ్మరసం పిండినా, వెంటనే జామకాయ తిన్నా బాగా పడుతుంది. జామలో సి విటమిన్ కమలాపండు కంటే నాలుగు రెట్లకు పైనే. టీ, కాఫీలు దీనికి అడ్డు. భోజనానికి ముందూ వెనకా గంట సేపు అవి వద్దు.

బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని మా అక్క కూతురు చాన్నాళ్లు బ్యాగులోనే దాచింది. కడుపులో తిప్పుతుందని భయం. అన్నం తిన్నాక వేసుకోమంటే ఆ ఇబ్బంది తగ్గింది. నీరసం వదలకపోతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. అమ్మాయిల్లో 12 గ్రాముల లోపు వస్తే డాక్టరుకు చూపించాలి, ఇంటి వైద్యంతో సరిపెట్టకూడదు.

5. ఎముకల సంగతి

పదమూడేళ్లు దాటిన పిల్లలకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల దాకా కాల్షియం కావాలి. గ్లాసు పాలలో సుమారు 240 ఉంటుంది. పాలంటే ముఖం తిప్పేవాళ్లకు పెరుగు, మజ్జిగ, నువ్వులుండలు ఉన్నాయి. మన వైపు చోడి అంబలి, అంటే రాగి అంబలి ఉండనే ఉంది. వంద గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. రాగి జావ అంటే పిల్లలకు బడి గుర్తొస్తుంది, చోడంబలి అంటే తాతమ్మ గుర్తొస్తుంది. ఏ పేరుతో తాగితేనేం.

6. చేతికి డబ్బులిచ్చి రైతుబజారుకు పంపండి

సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, గోపాలపట్నం... ఏది దగ్గరైతే అక్కడికి. రెండు మూడు వందలిచ్చి, ఒక ఆకుకూర, ఒక రంగు కూరగాయ, ఒక పండు, ఒక పప్పో గింజో తేవాలి, మిగతాది నీ ఇష్టం అనండి. పక్కనే ఉండండి, నోరు మెదపకండి.

మావాడు మొదటిసారి ముదురు బెండకాయలు ఏరుతుంటే అమ్మే ఆవిడే ఆపింది. "చివర విరుచు బాబూ, టక్కుమంటే లేత" అని ఒకటి విరిచి చూపించింది. వాడు వరసగా పది విరిచాడు, ఆవిడ నవ్వుతూనే తిట్టింది. ఆ రోజు కూర వాడే తరిగాడు, రెండుసార్లు వడ్డించుకున్నాడు. నెలల తరబడి నేను చెప్పిన పాఠం పది బెండకాయల్లో ముగిసింది.

ఇంటికొచ్చాక రెండు వంటలు నేర్పితే చాలు: కుక్కర్లో పప్పు, కోడిగుడ్డు పొరటు. రేపు హాస్టల్‌కు వెళ్లినా, గది తీసుకున్నా పనికొస్తాయి.

7. ప్యాకెట్ వెనక చదివించండి

ముందువైపు బొమ్మ చూడొద్దని చెప్పండి. వెనక, పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ వేశారో అదే ముందుంటుంది. మల్టీగ్రెయిన్ అన్న బిస్కెట్‌లో మొదటి పేరు మైదా అయితే సంగతి అర్థమైపోతుంది. సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. సోడియం 800 మిల్లీగ్రాములంటే ఉప్పు 2 గ్రాములు. రోజంతటికీ ఉండాల్సింది 5 గ్రాములే. నిజం చెప్పాలంటే మన ఆవకాయా అప్పడాలూ తక్కువేం కాదు, వాటినీ లెక్కలో వేయండి.

చక్కెర సంగతి కళ్లకు కట్టాలంటే ఖాళీ గ్లాసు చాలు. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 32 గ్రాముల చక్కెర ఉంటుంది. చిన్న చెంచాతో ఎనిమిది చెంచాలు గ్లాసులో వాళ్ల చేతే వేయించండి. రోజు మొత్తానికి 25 గ్రాములు దాటొద్దన్నది జాతీయ పోషకాహార సంస్థ సూచన. బెల్లం వేసుకుంటే పర్వాలేదా అని అడుగుతారు. అనకాపల్లి పక్కనే ఉండి ఇలా అనడం కష్టమే గానీ, బెల్లం కూడా చక్కెర కిందికే వస్తుంది.

8. బీచ్‌కు వెళ్లడం మాన్పించకండి

ఆర్కే బీచ్‌లో తినే వాటన్నిటినీ ఒకే గాటన కట్టకండి. మురీ మిక్చర్‌లో మరమరాలు, వేరుశెనగలు, ఉల్లి, టమాటా, నిమ్మరసం ఉంటాయి. నూనెలో దేవిన బజ్జీ కంటే అది ఎంతో నయం. రెండింట్లో ఏది ఎందుకు మేలో వాళ్లనే చెప్పనివ్వండి. బజ్జీయే తింటానంటే ఒక ప్లేటు ఇద్దరు పంచుకోమనండి.

ఒక జాగ్రత్త. ఈ మాటలేవీ ఒళ్లు, లావు, రంగు వైపు వెళ్లనివ్వకండి. "ఎదురింటి పిల్ల చూడు ఎంత సన్నగా ఉందో" లాంటి మాట ఒక్కటి చాలు, పిల్ల పూటలు ఎగ్గొట్టడం మొదలుపెడుతుంది. వరసగా భోజనాలు మానేస్తున్నా, తిన్నాక బాత్‌రూమ్‌లోకి వెళ్లి వాంతి చేసుకుంటున్నట్టు అనుమానం వచ్చినా, బరువు ఉన్నట్టుండి పడిపోయినా డాక్టరును కలవండి.

రెండు నెలలయ్యాక అదే నోట్‌బుక్‌లో మళ్లీ మూడు రోజులు రాయించండి. మా ఇంట్లో రెండోసారి అక్క కూతురి టీ సాయంత్రం నాలుగింటికి జరిగింది, పొద్దున పూట ఇడ్లీ, గుడ్డు వచ్చాయి, పప్పు మూడు రోజులూ ఉంది. మావాడి పేజీలో బెండకాయ కూర రెండుసార్లు, జామకాయ ఒకసారి. పానీపూరీ మాత్రం ఈసారీ రెండు ప్లేట్లే.