కొండవాగుకు గడ్డికట్ట – 4వ పాఠం: బొమ్మ మళ్ళీ గీద్దాం

కొండవాగు దగ్గర మట్టి కొట్టుకుపోకుండా గడ్డి నాటే ముందు, ఊరివాళ్ళ చేతే ఊరి బొమ్మ, అంటే పటం, గీయించమని ఊళ్ళలో పనిచేసే మీకు పోయిన పాఠంలో చెప్పాను. ఒడిశాలోని గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి వైపు నుంచి మీరు పంపినవన్నీ చూశాను. దాదాపు అన్నిటిలోనూ రోడ్డు, బడి, గుడి ఉన్నాయి. ఆడవాళ్ళు నీళ్ళు తెచ్చుకునే ఊట ఒక్కదాంట్లోనూ లేదు. అందుకే మొక్కలు నాటే పాఠం వాయిదా వేస్తున్నాను.

కాగితం వాడొద్దని నేను గట్టిగా చెప్పాల్సింది. చార్టు, స్కెచ్‌పెన్ను తీయగానే అవి చదువుకున్న కుర్రాడి చేతికే పోతాయి. నేలమీద ముగ్గుపిండి పెడితే పెన్ను పట్టని చెయ్యి కూడా ముందుకొస్తుంది. ఇళ్ళకు చింతపిక్కలు, వాగుకు బూడిద చాలు. తప్పయితే కాలితో చెరిపి మళ్ళీ గీస్తారు. చివర్లో ఫోనులో ఫొటో తీసుకోండి.

ఇక మనం తరచూ చేసే అసలు తప్పు. "మీకేం కావాలి?" అని అడగకండి. ఈ ప్రశ్న వింటే నాకు నిజంగా బాధేస్తుంది. జీపు దిగినవాడు ఏమివ్వగలడో జనం ముందు లెక్కేసుకుంటారు, దానికి తగ్గట్టే జవాబిస్తారు. సిమెంటు చెక్‌డ్యాం అంటారు, బోరు అంటారు. మీరు అదే రాసుకుని వస్తారు. వాగు గురించి వాళ్ళకు తెలిసింది మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను నాడు నీళ్ళు ముందు ఎవరి మడిలోకి దిగాయి? మట్టి ఎక్కడ మేట వేసింది? ఊట ఏ నెలలో సన్నబడుతుంది? పైన జీడిమామిడి వెయ్యకముందు ఏ చెట్లుండేవి? ఇలా అడగండి. అదీ అరుగుమీద కూర్చుని కాదు, ఆ చోటే నిలబడి. సవర గిరిజనుల ఊళ్ళలో మీ తెలుగు మాట ఒడియాలోకి, అక్కణ్ణుంచి సవరలోకి వెళ్ళేసరికి సగం జారిపోతుంది. వేలు పెట్టి చూపిస్తే జారదు. తరతరాలుగా కొండవాలులో రాళ్ళు పేర్చి మడులు కట్టినవాళ్ళకు వాలు గురించి మనం చెప్పేదేమీ లేదు.

ఒక ఊరికి నేను వట్టివేరు అని ముందే నిర్ణయించుకుని వెళ్ళాను. దాని వేళ్ళు రెండు మూడు మీటర్ల లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి. అక్కడి ఆడవాళ్ళు మాత్రం కొండచీపురు అన్నారు, కోసి సంతలో అమ్ముకోవచ్చని. ఒక తాత ఇంకో మాట అన్నాడు: కోతలయ్యాక పశువుల్ని విడిచిపెడతాం, లేత మొక్క దక్కదు. చివరికి మట్టి కోసుకుపోయే చోట వట్టివేరు, పైవరసలో చీపురు పెట్టి, రెండేళ్ళపాటు పశువుల దారి మార్చారు. ఆ దారి మార్పు నా ప్లానులో లేనే లేదు.

బొమ్మ గీయడానికి ఎంతమంది రావాలని మీరు అడిగారు. అటవీ హక్కుల నియమాల ప్రకారం గ్రామసభ కోరంకు, అంటే సభ చెల్లడానికి, సభ్యుల్లో కనీసం సగం మంది, వచ్చినవాళ్ళలో కనీసం మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. బొమ్మకు ఆ నియమం లేకపోయినా నేను అదే కొలత పెట్టుకుంటాను.

అభ్యాసం: మూడు రోజులు తెల్లవారుజామునే నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళను అడిగి వాళ్ళ వెంట నడవండి. మీరూ ఒక బిందె మోయండి. నాలుగో రోజు, పనులయ్యాక, సాయంత్రం ముగ్గుపిండి పెట్టండి. ఊటను బొమ్మలో మొదట ఎవరు పెట్టారో, తర్వాత దాని చోటు ఎవరు సరిచేశారో రాసి పంపండి.