పేజీ లోడవక చక్రం తిరుగుతూనే ఉందా? ముందు స్క్రీన్ కింది మూల చూడండి

బ్రౌజర్ స్లో అయిందనగానే ఎవరైనా చెప్పే మొదటి సలహా "క్యాష్ క్లియర్ చెయ్". చాలాసార్లు దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. ఒకసారి దిగిన బొమ్మలు, ఫాంట్లు, కోడ్ ఫైళ్లు మళ్లీ దింపుకోనక్కర్లేకుండా దాచుకునే చోటే క్యాష్. దాన్ని తుడిచేస్తే ఆ వెంటనే తెరిచే పేజీలు ఇంకా ఆలస్యంగా వస్తాయి. జాప్యం ఎక్కడో తేలాకే చెయ్యి పెట్టాలి. కింద చెప్పేవి విండోస్‌లో క్రోమ్‌కి సంబంధించినవి. ఎడ్జ్‌లో మెనూ పేర్లు కాస్త మారతాయి గానీ పద్ధతి ఇదే.

1. తప్పు ఎవరిదో తేల్చుకోండి

అదే పేజీని ఫోన్లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద తెరవండి. అక్కడా రాకపోతే సమస్య సైటుదే. ఇంటర్ ఫలితాలు వదిలిన పూట లక్షల మంది ఒకేసారి మీద పడితే సర్వర్ చేతులెత్తేస్తుంది. అప్పుడు మీ బ్రౌజర్‌ని ఎంత సర్దినా లాభం లేదు, కాసేపాగి చూడటమే. పదేపదే రిఫ్రెష్ కొడితే క్యూ ఇంకా పెరుగుతుంది.

మొబైల్ డేటా మీద బాగా వచ్చి, అదే ఫోన్లో ఇంటి వైఫై మీద నత్తనడక నడిస్తే నెట్ సంగతి చూడాలి. ఫోన్లో రెండు విధాలా చకచకా వచ్చి, కంప్యూటర్లోనే రాకపోతే అక్కడ ఇంకో బ్రౌజర్ తెరిచి చూడండి. అందులో బాగుంటే తప్పు క్రోమ్‌లో ఉంది, అందులోనూ అంతే అయితే కంప్యూటర్లో ఉంది.

2. కింది మూల ఏమంటోంది?

పేజీ వస్తున్నంతసేపూ విండో ఎడమవైపు అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను మారుతూ ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు గానీ, జబ్బు పేరు చాలావరకు అక్కడే రాసి ఉంటుంది. ఎక్కువసేపు ఏ మాట దగ్గర ఆగిందో చూడండి.

"రిజాల్వింగ్ హోస్ట్" దగ్గర ఆగితే సైటు పేరుకి నంబరు అడ్రసు వెతికే డీఎన్ఎస్ సర్వర్ ఆలస్యం చేస్తోంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సెక్యూరిటీ తెరిచి, "యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్" ఆన్ చేసి, ప్రొవైడర్‌గా క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 గానీ గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్ గానీ ఎంచుకోండి. ఆఫీసు కంప్యూటర్లో మాత్రం దీని జోలికి పోవద్దు. సంస్థ లోపలి సైట్లు తెరుచుకోకపోవచ్చు.

"రిజాల్వింగ్ ప్రాక్సీ" లేదా "డౌన్‌లోడింగ్ ప్రాక్సీ స్క్రిప్ట్" అని కనిపిస్తే, ప్రాక్సీ అనే మధ్యవర్తి సర్వర్ మీదుగా వెళ్లాలా అని బ్రౌజర్ వెతుకుతోందన్నమాట. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ దగ్గరకు వెళ్లండి. ఇంట్లో వాడే కంప్యూటరైతే "ఆటోమేటికల్లీ డిటెక్ట్ సెట్టింగ్స్" ఆఫ్ చేసి చూడండి. మాన్యువల్ ప్రాక్సీ మీరు పెట్టకుండానే ఆన్‌లో ఉంటే అనుమానించాల్సిందే. ఏదో సాఫ్ట్‌వేర్ దూరి పెట్టి ఉండొచ్చు.

"ఎస్టాబ్లిషింగ్ సెక్యూర్ కనెక్షన్" దగ్గర ప్రతి సైటూ ఆగుతుంటే వీపీఎన్‌ని (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్), యాంటీవైరస్‌లోని వెబ్ స్కానింగ్‌ని అనుమానించండి. ఒక దాని తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఆపి చూసి, తేడా లేకపోతే మళ్లీ ఆన్ చేసేయండి.

"వెయిటింగ్ ఫర్" అంటూ పక్కన సైటు పేరు ఉంటే బ్రౌజర్ అడగడం అయిపోయింది, అవతలి నుంచి జవాబు రాలేదు. ట్యాబ్ మీద చక్రం కూడా ఇదే చెబుతుంది: జవాబు కోసం ఎదురుచూస్తున్నప్పుడు గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది, డేటా రావడం మొదలయ్యాక సవ్యదిశలో.

"వెయిటింగ్ ఫర్ క్యాష్" అని వస్తే మాత్రం ఆ పాత సలహా పనికొస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి, "ఆల్ టైమ్" పెట్టి, "క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్" ఒక్కదానికే టిక్కు ఉంచండి. కుకీల టిక్కు తీసేయండి, లేకపోతే అన్ని సైట్లలో మళ్లీ లాగిన్లు, ఓటీపీలు. తుడిచాక కూడా అదే లైను వస్తుంటే హార్డ్ డిస్క్ అలసిపోయిందేమో చూడాలి.

3. ఎక్స్‌టెన్షన్లు

కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ఇన్‌కాగ్నిటో విండోలో అదే పేజీ తెరవండి. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించుకున్న చిన్న అదనపు ప్రోగ్రాములు, అక్కడ పనిచేయవు. పేజీ వేగంగా వస్తే దొంగ వాటిలోనే ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఇన్‌కాగ్నిటోలో పాత కుకీలు కూడా ఉండవు. అందుకే నెమ్మది ఒక్క సైటుకే పరిమితమైతే, ముందు ఆ సైటు కుకీలు మాత్రం తీసేసి చూడండి.

ఎక్స్‌టెన్షన్లు పన్నెండు ఉంటే ఆరు ఆపండి. వేగం పెరిగితే ఆపిన ఆరింటిలో ఉంది, లేకపోతే మిగతా ఆరింటిలో. మళ్లీ సగం. నాలుగు విడతల్లో దొరికిపోతుంది. ఒకే పని చేసే యాడ్ బ్లాకర్లు రెండు పెట్టుకోవడం, కూపన్లు వెతికిపెడతామనే టూల్‌బార్లు వేసుకోవడం ఎప్పుడూ దండగే.

4. మెమరీ

క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. "మెమరీ ఫుట్‌ప్రింట్" మీద క్లిక్ చేసి పెద్దవి పైకి తెచ్చుకోండి. వందల మెగాబైట్లు మింగుతూ, మీరు పొద్దున్నుంచీ చూడని ట్యాబ్ కనిపిస్తే "ఎండ్ ప్రాసెస్" నొక్కండి. అందులో సగం నింపిన ఫారం ఉంటే పోతుంది, చూసుకోండి. సెట్టింగ్స్‌లోని పర్ఫార్మెన్స్‌లో మెమరీ సేవర్ ఆన్ చేస్తే వాడని ట్యాబులను బ్రౌజరే పడుకోబెడుతుంది.

4 జీబీ ర్యామ్, పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో సమస్య ఇంకో రకం. ర్యామ్ నిండితే విండోస్ డిస్కుని ర్యామ్‌లా వాడటం మొదలుపెడుతుంది. విండోస్ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోయిందంటే సెట్టింగులతో పని కాదు. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేయించడం, వీలైతే ర్యామ్ 8 జీబీకి పెంచడం, అంతే.

5. నెట్ వైపు

రూటర్‌కి గోడ అడ్డంగా ఉంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ త్వరగా నీరసిస్తుంది, 2.4 దూరం వెళ్తుంది గానీ వేగం తక్కువ, పక్కింటి రూటర్లతో రద్దీ ఎక్కువ. కంప్యూటర్‌ని రూటర్‌కి కేబుల్‌తో కలిపి చూస్తే తప్పు వైఫైదో, లైనుదో తెలిసిపోతుంది.

ఫోన్ హాట్‌స్పాట్ మీద వాడేవాళ్లు రోజువారీ డేటా మిగిలిందో లేదో చూసుకోండి. కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. 2 మెగాబైట్ల పేజీ రావడానికి నాలుగు నిమిషాల పైనే. నెట్ ఉన్నట్టే చూపిస్తుంది, పేజీ మాత్రం రాదు.

6. ఇవేవీ కాకపోతే

ముందు క్రోమ్‌ని అప్‌డేట్ చేసి రీలాంచ్ చేయండి. తర్వాత క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ (సొంత సెట్టింగులు, బుక్‌మార్కులతో విడిగా ఉండే ఖాతా) ఒకటి తయారుచేసి అందులో చూడండి. అక్కడ బాగుంటే పాత ప్రొఫైల్ చెడిందన్నమాట. సెట్టింగ్స్‌లో "రీసెట్ సెట్టింగ్స్" వాడొచ్చు. ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, కుకీలు పోతాయి. బుక్‌మార్కులు, హిస్టరీ, సేవ్ చేసిన పాస్‌వర్డులు అలాగే ఉంటాయి.