హైదరాబాద్ వదిలి రాజమండ్రికి మారేముందు

సామాన్లు సర్దకముందే ఇవి చూసుకోండి.

పిల్లల చదువు అన్నిటికంటే ముందు. ఇంజినీరింగ్, మెడికల్ సీట్లకు ఎవరు లోకల్ అన్నది తేలేటప్పుడు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివారో చూస్తారు. మీరు మారేది ఊరు మాత్రమే కాదు, రాష్ట్రం కూడా. పాప ఎనిమిదిలోపే ఉంటే టెన్షన్ లేదు. పదిలో ఉంటే మాత్రం రెండు రాష్ట్రాల నిబంధనలూ చదివాకే నిర్ణయించుకోండి. నన్నడిగితే ఇంటర్ అయ్యేదాకా ఆగండి.

ఇల్లు వెంటనే కొనకండి. ఒక వానాకాలం అద్దెకుండి చూడండి. ఊరి పక్కనే ఉన్న ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 17.75కి మూడోది. మీరు చూసిన వీధిలో అరుగు మీద కూర్చున్న పెద్దావిడను అడగండి: "మామ్మగారూ, 1986 వరదకి ఇక్కడిదాకా నీళ్లొచ్చాయా?" ఆవిడ గోడ మీద చెయ్యి పెట్టి చూపించే ఎత్తు ఏ బ్రోకరూ చెప్పడు.

బండి ఏడాదికి మించి అక్కడే ఉంటే ఎన్‌ఓసీ (పాత ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), రీరిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ తప్పవు. ఆ డబ్బు పక్కన పెట్టుకోండి.

ఇంట్లో గుండె, కిడ్నీ జబ్బుల వాళ్లుంటే ఇప్పటి డాక్టరుతో మాట్లాడి, అక్కడ ఎవరికి చూపించాలో, రాత్రిపూట ఎమర్జెన్సీకి ఎక్కడికి పరిగెత్తాలో ముందే రాసిపెట్టుకోండి.

ఉద్యోగం ఇంటినుంచే అయితే, వర్క్ ఫ్రమ్ హోమ్ కొనసాగుతుందని ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చాలదు.

మే నెలలో ఓ వారం ఉండి చూడండి. హైదరాబాద్‌లో తెలియని ఉక్కపోత అక్కడ తెలుస్తుంది. సాయంత్రం పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చుంటే గోదావరి గాలీ తగులుతుంది.