తెలుగులోంచి జపనీస్ – 7వ పాఠం: కాలిందా? ఇంకా లేదు

కిందటి పాఠంలో గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "ఒజమ షిమస్" (లోపలికి వస్తున్నానండి) అంటూ హోమ్‌స్టే ఇంట్లో అడుగుపెట్టాం. ఇవాళ పెరట్లోకి వెళ్దాం. ఆగస్టు సాయంత్రం. ఒతోసన్ (నాన్నగారు, మీరూ అలాగే పిలవండి) బొగ్గులు రాజేసి విసురుతున్నారు. ఒకాసన్ (అమ్మగారు) మాంసం, క్యాప్సికం, గుమ్మడి ముక్కలు, మొక్కజొన్న పళ్లెంలో సర్ది తెచ్చారు. మీ చేతిలో చల్లటి ముగిచ, అంటే వేయించిన బార్లీతో కాచిన టీ.

ఈ రాత్రి రెండే మాటలతో గట్టెక్కిస్తాను: మో, మద.

"మో యకెమషిత క?" – ఈపాటికి కాలిందా?
"మద దెస్." – ఇంకా లేదు.

షి లోని ఇకారం దాదాపు వినపడదు, "యకెమష్త" అన్నట్టే ఉంటుంది. మో మాత్రం సాగదీయాలి. కురచగా "మొ" అంటే "కూడా" అని అర్థం మారిపోతుంది. ఒ-ఓ తేడా మన లిపిలో ముందే ఉంది కాబట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకునేవాళ్ల కంటే మనం ఒక మెట్టు పైనే ఉన్నాం.

తనంతట తాను కాలితే "యకెత" ("యకెమషిత"కు చనువు రూపం), మనం కాలిస్తే "యఇత". కాలింది, కాల్చాను: మనకున్న జంటే. ఒతోసన్ ముక్క తిరగేసి "యకెత యొ!" అంటారు. అది మన "కాలిందోయ్!" అవతలివాళ్లకు తెలియని సంగతి చెప్పేటప్పుడు చివర యొ వస్తుంది. ఇద్దరికీ తెలిసిందే పంచుకుంటే నె, అచ్చం మన "కదా". "ఒఇషీ దెస్ నె" – రుచిగా ఉంది కదా. దీన్ని ఎన్నిసార్లన్నా ఎవరూ విసుక్కోరు.

పచ్చి మాంసం తీసే పటకారు వేరు, తినే పుల్లలు వేరు. మీ పుల్లలతో ఇంకొకరి పుల్లలకు ముక్క అందించకండి. దహనం తర్వాత అస్థికలను అక్కడ అలాగే అందుకుంటారు.

శాకాహారులకు ఇక్కడో మాట. పొయ్యి రాజుకున్నాక చెబితే ఆలస్యమే, రెండు రోజుల ముందే చెప్పండి: "నికు మొ సకన మొ తబెరరెమసెన్" – మాంసమూ చేపా తినలేను. ఆ రెండు మొలూ మన రెండు దీర్ఘాల పనే చేస్తున్నాయి చూశారా? చేప మాట విడిగా ఎందుకంటే, "నికు" అన్నప్పుడు వాళ్లకు చేప గుర్తుకు రాదు. కాల్చిన కూరగాయల మీద పోసే సాస్‌లో మాంసం సారం ఉండొచ్చు, అదీ అడగండి.

వద్దన్నా వడ్డిస్తూనే ఉంటారు. అప్పుడు "మో కెక్కో దెస్" – ఇక చాలండి. ఇందాకటి మోనే ఇక్కడ "ఇక" అయింది.

చీకటి పడింది. ఇక హనబి, అంటే బాణసంచా. హన అంటే పువ్వు, హి అంటే నిప్పు. కలిస్తే హి కాస్తా బి అయింది. తల్లి, తండ్రి కలిసి "తల్లిదండ్రులు" అయినప్పుడు త ద గా మారలేదూ, అలాంటిదే. అయినా "కాకరపువ్వొత్తి" అని పేరు పెట్టుకున్న మనకు నిప్పులో పువ్వు కొత్తా?

జులై చివరి శనివారం టోక్యోలో సుమిద నది మీద వేలకొద్దీ పేలేవీ హనబే. వాటిని చూస్తూ జనం "తమయా!" అని అరవడం ఎడో (టోక్యో పాత పేరు) కాలపు అలవాటు. తమయ బాణసంచా తయారుచేసిన ఇంటి పేరు. 1843లో వాళ్ల దగ్గర నిప్పంటుకుని చుట్టుపక్కల ఇళ్లు కాలడంతో నగరం నుంచి వెళ్లగొట్టారు. పోటీదారు కగియ మిగిలింది, కేక మాత్రం ఎక్కువగా తమయకే.

పెరట్లో కాల్చేది చిన్నది: సెన్‌కో హనబి. సెన్‌కో అంటే అగరుబత్తి. మెలిపెట్టిన సన్నటి కాగితం కొసకు మందు ఉంటుంది. పక్కన బకెట్టుతో నీళ్లు పెట్టుకుని, కొస కిందికి వచ్చేలా పట్టుకుని అంటించండి. ఎర్రటి నిప్పుబొట్టు కడుతుంది, దాంట్లోంచి పైన్ ఆకుల్లా రవ్వలు చిమ్ముతాయి. చెయ్యి వణికితే బొట్టు రాలిపోతుంది. ఎవరిది ఎక్కువసేపు నిలుస్తుందా అని ఇంటిల్లిపాదీ పందెం.

అభ్యాసం: మీరూ ఒకాసన్ చెరొకటి వెలిగించారు. ఖాళీలు నింపి, పైకి చదవండి.

ఒకాసన్: కిరే దెస్ ___. (అందంగా ఉంది కదా)
ఒతోసన్: ___ ఒచిమషిత క? (ఈపాటికి రాలిందా?)
మీరు: ___ దెస్! (ఇంకా లేదు!)
మీరు, మరుక్షణం: అ... ఒచిత. (అయ్యో... రాలింది.)