దారి తెలిసింది, జాడ మిగలలేదు

బెంగళూరు మారతహళ్లిలో కాపురం పెట్టిన కొత్తలో వాడిన మ్యాప్ యాప్, నేను ఎక్కడ ఆగిందీ, ఎంతసేపు ఉన్నదీ తేదీలతో సహా దాస్తున్నదని సెట్టింగులలో చూశాక, దాన్ని తీసేసి ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల భాండాగారం నుంచి ఆర్గానిక్ మ్యాప్స్ అనే మరో మ్యాప్ యాప్ వేసుకున్నాను. ఇది 2004లో మొదలైన, ఎవరైనా దిద్దగలిగే ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడుస్తుంది. పటాన్ని ముందుగా వైఫైలో దించుకుంటే దారి లెక్కంతా ఫోన్‌లోనే జరుగుతుంది కనుక, నెట్ ఆపినా పనిచేస్తుంది, నా రాకపోకల వివరం ఏ సర్వరుకూ చేరదు.

ఇందులో ట్రాఫిక్ సమాచారం రాదు. రద్దీకి పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి మీదుగా వెళ్లేవారికి అది నిజమైన లోటే. అటు పని పడితే నేను ముందుగానే బయలుదేరుతున్నాను.

అసలు చిక్కు మా సందులోనే ఎదురైంది: ఆంధ్రా మెస్సు గాని, దాని పక్కన మందుల దుకాణం గాని పటంలో లేవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి, యాప్‌లోనే ఆ చోటును గుర్తించి, బోర్డు మీది కన్నడ పేరును, దానితోపాటు తెలుగు పేరును, తెరిచి ఉండే వేళలను నింపి పంపాను. కొంతకాలానికి పటాన్ని అప్‌డేట్ చేస్తే రెండూ కనిపించాయి. ఇప్పుడు అవి ఈ పటాన్ని అప్‌డేట్ చేసుకున్న అందరి ఫోన్లలోనూ ఉంటాయి. ఇళ్లలో ఉండేవారి పేర్లు మాత్రం చేర్చలేదు, ఆ పటం నియమాలు కూడా అందుకు ఒప్పుకోవు.