ఆరుబయట నిలబెట్టే శిల్పానికి ముందుగా చిన్న నమూనా చేయడం ఎలా?

ఊరి కూడలిలోనో బడి ముందో పెద్ద శిల్పం పెట్టాలనుకుంటే చాలామంది కాగితం మీద బొమ్మ గీయించి నేరుగా వెల్డింగ్ షాపుకు వెళ్లిపోతారు. ఈ రెండింటి మధ్య జరగాల్సిన పని నమూనా. అది అద్దాల పెట్టెలో పెట్టి చూపించడానికి కాదు. రేకు కోశాక బయటపడే తప్పులు అట్టముక్కల మీదే బయటపడాలి, అందుకు.

చేయి తిరిగినవాళ్లు కూడా ఈ మెట్టు వదల్లేదు. చికాగోలో 1967లో ఆవిష్కరించిన పికాసో ఉక్కు శిల్పం 50 అడుగుల ఎత్తు. దానికి ఆయన చేసిన నమూనా సుమారు మూడున్నర అడుగులే. అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ అల్యూమినియం రేకుతో చిన్న నమూనా చేసి ఇస్తే, ఫ్రాన్స్‌లోని తూర్ నగరంలో ఉన్న వర్క్‌షాపువాళ్లు దాన్ని మధ్యస్థాయి నమూనాగా పెంచేవారు. ఆసరా పట్టీలు ఎక్కడ రావాలో దాని మీదే తేల్చుకుని, అప్పుడు అసలు సైజు మొదలుపెట్టేవారు.

ఇక్కడ ఒక ఉదాహరణ పట్టుకుని పోదాం: తెలంగాణలో ఒక బడి ముందు 5 మీటర్ల ఎత్తున, 3 మిల్లీమీటర్ల ఉక్కు రేకుతో పాలపిట్ట. పాలపిట్ట అందమంతా రెక్క విప్పినప్పుడు కనిపించే ఆ నీలంలోనే ఉంది కాబట్టి రెక్కలు విప్పాల్సిందే. విప్పిన రెక్క గాలిని పట్టుకుంటుంది. మనకు అసలు చిక్కు అక్కడే.

1. స్థలం కొలతలు

టేపు పట్టుకుని వెళ్లి ఖాళీ జాగా, గేటు, చెట్లు, కరెంటు తీగల ఎత్తు రాసుకోండి. ఉత్తరం ఎటో గుర్తు పెట్టుకోండి. జనం ఎటువైపు నుంచి వస్తారో, ఎంత దూరం నుంచి చూస్తారో కూడా చూడండి.

2. రెండు స్కేళ్లు

ముందు 1:50. అంటే 5 మీటర్ల పిట్ట 10 సెంటీమీటర్లు అవుతుంది. ఒక సన్‌బోర్డు ముక్క మీద గోడ, గేటు, చెట్లు కూడా అదే స్కేలులో పెట్టి, మధ్యలో బంకమట్టి పిట్టలు మార్చి మార్చి చూడండి. మూడు నాలుగు భంగిమలు చేస్తే చాలు. శిల్పం జాగాకు మరీ పెద్దదా, గోడ ముందు చిన్నబోతుందా అన్నది ఇక్కడే తెలిసిపోతుంది.

భంగిమ కుదిరాక 1:10. ఇప్పుడు పిట్ట 50 సెంటీమీటర్లు. పక్కన 16.5 సెంటీమీటర్ల మనిషి బొమ్మ, 11 సెంటీమీటర్ల పిల్లవాడి బొమ్మ అట్టతో కోసి నిలబెట్టండి. మనిషి బొమ్మ లేని నమూనాను నమ్మొద్దు. అది ఎంత సైజైనా కావచ్చు.

3. నమూనాకు ఏ సామాను?

అసలు శిల్పం దేనితో చేస్తారో, నమూనా కూడా అలా వంగే సామానుతోనే చేయాలి. కంచు పోతకో ఫైబర్‌కో అయితే తీగ చట్రం మీద బంకమట్టి సరిపోతుంది. రేకు పనికి మాత్రం బంకమట్టి మోసం చేస్తుంది. మట్టి ఎటు నొక్కితే అటు పోతుంది, రేకు పోదు.

రేకు పనికి శుభలేఖ అట్ట మంచిది. దళసరి శుభలేఖ మందం కాస్త అటూ ఇటూగా 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది. పది రెట్లు చేస్తే మన 3 మిల్లీమీటర్ల రేకే. అట్టను ఒకవైపుకు చుట్టగలం కానీ, ముడత పడకుండా ఒకేసారి రెండు వైపులకూ వంచలేం. రేకూ అంతే. ఎక్కడ అట్ట ముడత పడి మొండికేస్తుందో అక్కడ ఫ్యాబ్రికేటర్ (రేకు కోసి అతికే షాపతను) సుత్తితో గంటలకొద్దీ కొట్టాలి, లేదా ముక్కలు చేసి అతకాలి. రెండింటికీ మీరే డబ్బు కట్టాలి. ఆ వంపు తప్పనిసరి కాకపోతే ఇప్పుడే మార్చేయండి.

లోపల చట్రానికి 2 మిల్లీమీటర్ల జీఐ తీగ వాడండి. తీగలు కలిసేచోట బైండింగ్ వైరు చుట్టి పైన ఎం-సీల్ పెడితే కదలవు. పీఠానికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. ఫెవిక్విక్ తొందరగా పట్టుకుంటుంది నిజమే, కానీ తప్పు అతికితే ఊడదీయలేం. మొదటిసారి టేపుతో నిలబెట్టి, నచ్చాక అతికించండి.

అట్ట రెక్క వాలిపోతుంటే లోపల పట్టీ కావాలని అర్థం. వాలలేదని ధీమా పడొద్దు. కొలతలు పది రెట్లు పెరిగితే బరువు 1000 రెట్లు పెరుగుతుంది, దాన్ని మోసే కడ్డీ అడ్డుకోత (అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం) మాత్రం 100 రెట్లే. బల్ల మీద బాగా నిలబడినంత మాత్రాన బయటా నిలబడుతుందని అనుకోవద్దు.

4. నమూనాకు పరీక్షలు

ఫోన్‌ను అట్ట మనిషి కంటి ఎత్తుకు దించి ఫొటోలు తీయండి. కింది నుంచి చూస్తే పిట్ట తల చిన్నదైపోయి పొట్టే కనిపిస్తుంది. అవసరమైతే తలను కాస్త పెంచి ముందుకు వంచండి.

తర్వాత నమూనాను డాబా మీద, అసలు జాగాలో ఎటు తిరిగి ఉంటుందో అటే తిప్పి పెట్టండి. నీడల విషయంలో చిన్న నమూనా అబద్ధమాడదు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం పడే నీడ అసలు శిల్పం నీడకు సరిగ్గా పదో వంతు. మెరిసే స్టీలు వాడాలనుకుంటే రెక్క మీద వంటింటి ఫాయిల్ అంటించి, ఎండ ఎవరి కళ్లలోకి కొడుతుందో చూడండి. పక్కన రోడ్డుంటే ఇది వదిలేయకూడదు.

నీళ్లు నిలిచే గుంటలను వెతికి కన్నాలు గుర్తించండి. లేకపోతే లోపల తుప్పు, పైన దోమలు. పీఠం నుంచి 20 సెంటీమీటర్ల లోపు, అంటే అసలులో 2 మీటర్ల లోపు, వాడి అంచు ఉండకూడదు. ఈక ఎంత అందంగా ఉన్నా పిల్లల చేతికి అందితే గుండ్రంగా మడవాల్సిందే.

5. బరువు, గాలి లెక్క

అదే అట్టలో 10×10 సెంటీమీటర్ల ముక్క కోసి వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. తర్వాత పిట్టకు వాడే ముక్కలన్నీ తూచండి. అవి 14 రెట్లు తూగాయనుకోండి, అంటే 1,400 చదరపు సెంటీమీటర్లు. అసలులో 14 చదరపు మీటర్లు. 3 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు సుమారు 23.5 కిలోలు కాబట్టి రేకు ఒక్కటే 330 కిలోల దాకా వస్తుంది. చట్రం అదనం.

ఇప్పుడు ముందు నుంచి పిట్ట ఆకారాన్ని కాగితం మీద గీసి దాని విస్తీర్ణం చూడండి. 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే అసలులో 6 చదరపు మీటర్లు. కట్టడాల మీద పడే భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కన హైదరాబాద్‌కు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు సుమారు 1,160 న్యూటన్లు, అంటే సుమారు 118 కిలోల బరువంత తోపుడు. మొత్తం 700 కిలోల పైచిలుకు! విశాఖపట్నంలో ఆ వేగం 50 మీటర్లు కాబట్టి తోపుడు 900 కిలోలు దాటుతుంది. అంటే రేకు బరువు కంటే రెట్టింపు పైగా బలం పిట్టను పక్కకు తోస్తుంది. చాలామంది 'బరువు ఆగుతుందా?' అని టెన్షన్ పడతారు. అడగాల్సింది 'గాలికి ఆగుతుందా?' అని. రెక్కల్లో ఈకల మధ్య సందులు వదిలితే ఈ భారం తగ్గుతుంది, చూడ్డానికీ బాగుంటుంది.

ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. పునాది, బోల్టులు స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి. నమూనా ముందుంటే ఆయనకూ పని తేలిక. టేబుల్ ఫ్యాను పెట్టి చూడొచ్చు, ఏ ముక్క రెపరెపలాడుతుందో తెలుస్తుంది. అంతకుమించి దాన్నుంచి ఏమీ తేల్చుకోవద్దు.

6. ముక్కలు, రవాణా

నమూనాను లారీలో పట్టే ముక్కలుగా విడదీసి చూడండి. రెక్కలు ఎక్కడ ఊడతాయి, బోల్టులకు చెయ్యి దూరుతుందా, క్రేన్ కొక్కెం ఎక్కడ తగిలించాలి? హుస్సేన్ సాగర్ బుద్ధ విగ్రహం 1990లో పడవ మీద తీసుకెళ్తుండగానే నీళ్లలో మునిగింది. మనుషుల ప్రాణాలు పోయాయి. విగ్రహం మళ్లీ లేచి పీఠమెక్కేసరికి 1992 డిసెంబర్ వచ్చింది. చెక్కడం ఎంత పనో తరలించడమూ అంతే పని.

7. షాపుకు అప్పగించడం

ప్రతి అట్టముక్కకూ నంబరు వేసి, విప్పి, గ్రాఫ్ కాగితం మీద అచ్చు తీయండి. ఫ్యాబ్రికేటర్‌కు నకళ్లు ఇచ్చి అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. సముద్రం దగ్గరైతే మామూలు ఉక్కుకు బదులు 316 రకం స్టెయిన్‌లెస్ అడగండి. మొదటి రెక్క టాకింగ్ దశలో ఉండగానే, అంటే చుక్కలు చుక్కలుగా అతికినప్పుడే, నమూనా పట్టుకెళ్లి పక్కన పెట్టి సరిచూడండి. చుక్క వెల్డింగ్‌ను గ్రైండర్‌తో కోసి సరిచేయొచ్చు. పూర్తి వెల్డింగ్ అయ్యాక ఆ వేడికి రేకు వంకరపోతుంది, అప్పుడు సరిచేయడం చాలా కష్టం.